ఆదరణ వేరు, స్వస్థత వేరు

మా కాజీపేటలో క్రైస్తవ కుటుంబంలో ఎవరైనా కన్నుమూస్తే, భూస్థాపన జరిగిన కొద్ది రోజులకు బంధుమిత్రులకు ఒక పిలుపు వస్తుంది. ప్రొటెస్టెంటు సంఘాలవారు దానిని 'ఆదరణ కూడిక' అంటారు. కతోలికులైతే గుడిలో ఆ ఆత్మ శాంతికోసం దివ్యబలిపూజ చేయిస్తారు. ఇంటిముందు షామియానా వేసి, నాలుగు వరుసల కుర్చీలు వేసి, పాటలు పాడి, పోయినవారిని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొని, అందరూ కలిసి భోజనం చేసి వెళతారు. అంతకంటే అందులో విశేషమేమీ కనబడదు. అయినా వైద్యవృత్తిలో ఉన్నన్నాళ్ళూ నేను గమనించిన విషయమొకటున్నది. ఆ కూడిక జరిగిన మరునాడు ఆ ఇంటి ఇల్లాలు చాలా రోజుల తరువాత మొదటిసారిగా నిద్రపోతుంది.

'ఆదరణ' అనే మాటను మనం సాధారణంగా గౌరవించడం, అక్కున చేర్చుకోవడం అనే అర్థంలో వాడుతాము. తెలుగు క్రైస్తవుల వాడుకలో దానికి ఓదార్పు అనే అర్థం స్థిరపడింది. యోహాను సువార్తలో యేసు తన శిష్యులకు వాగ్దానం చేసిన పరిశుద్ధాత్మను తెలుగు బైబిలు 'ఆదరణకర్త' అంటుంది. ఆ పేరులో ఒక సూక్ష్మం ఉన్నది. వ్యాధిని మాన్పేవాడనో, కష్టాన్ని తొలగించేవాడనో ఆ పేరుకు అర్థం కాదు. కష్టంలో పక్కన నిలిచేవాడని అర్థం.

"డాక్టరు గారూ, ప్రార్థన చేస్తే జబ్బు నయమవుతుందా?" అని నన్ను ఎందరో అడిగారు. కొందరు ఆశతో అడిగారు, కొందరు నన్ను పరీక్షించడానికి అడిగారు. నేను బోధకుణ్ణి కాను, వైద్యుణ్ణి. కాబట్టి వైద్యునిగానే సమాధానం చెబుతాను. స్వస్థత ఒకటి, ఆదరణ మరొకటి. మొదటిదానికి మందులు, శస్త్రచికిత్సలు, పరీక్షలు ఉన్నాయి. రెండవది లేకపోతే మొదటిది దొరికినా మనిషి కుంగిపోతాడు. ఈ రెండింటినీ కలగాపులగం చేసినప్పుడే ప్రమాదం మొదలవుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే. అయితే దీని వెనుక ఉన్న కారణాలను కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది.

ఫాతిమానగర్ పేరులో ఉన్న పాఠం

కాజీపేట అనగానే అందరికీ రైల్వే జంక్షన్ గుర్తుకు వస్తుంది, తరువాత దర్గా గుర్తుకు వస్తుంది. కతోలికులకు మాత్రం ముందుగా ఫాతిమానగర్ గుర్తుకు వస్తుంది. 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడింది. ఇటలీలోని మిలాను నుంచి వచ్చిన గురువుల సభకు చెందిన అల్ఫోన్సో బెరెట్టా గారు దానికి మొదటి మేత్రాణులు. ఆ మేత్రాసనానికి ప్రధానాలయం ఫాతిమానగర్‌లోని ఫాతిమా మాత గుడి. కష్టంలో ఉన్నవారు క్రైస్తవులైనా కాకపోయినా అక్కడికి వచ్చి కొవ్వొత్తి వెలిగించి వెళ్ళడం ఈ ఊరివారికి పరిచితమైన దృశ్యమే.

ఆ పేరు పోర్చుగల్ దేశంలోని ఒక పల్లె పేరు. 1917 మే 13న అక్కడ గొర్రెలు కాచుకొనే ముగ్గురు పిల్లలు తమకు మరియమాత కనబడిందని చెప్పారు. లూసియాకు పదేళ్ళు, ఆమె మేనత్త పిల్లలైన ఫ్రాన్సిస్కోకు ఎనిమిదేళ్ళు, జసింతకు ఏడేళ్ళు. ఈ సంగతి చాలామందికి తెలుసు. తరువాత జరిగినది తెలిసినవారు తక్కువ. 1918లో ప్రపంచాన్ని కుదిపివేసిన ఇన్‌ఫ్లుయెంజా ఆ పల్లెకూ వచ్చింది. ఫ్రాన్సిస్కో 1919 ఏప్రిల్ 4న ఇంటిలోనే మరణించాడు. జసింతకు ఊపిరితిత్తుల చుట్టూ చీము చేరింది. లిస్బన్ నగరంలోని ఆసుపత్రిలో పక్కటెముకలు రెండు తీసి శస్త్రచికిత్స చేశారు. ఆమె 1920 ఫిబ్రవరి 20న, కుటుంబంవారెవరూ దగ్గర లేని సమయంలో, ఆ ఆసుపత్రిలోనే కన్నుమూసింది. అప్పటికి ఆమెకు పదేళ్ళు కూడా నిండలేదు. లూసియా మాత్రం 97 ఏళ్ళు జీవించి 2005లో మరణించింది. 2017 మే 13న కతోలిక సభ ఆ అన్నాచెల్లెళ్ళను పునీతులుగా ప్రకటించింది.

నేను ఈ కథను వైద్యుని కళ్ళతో చూస్తాను. దర్శనం పొందామన్న పిల్లలకే అంటువ్యాధి తగ్గలేదు. వారి విశ్వాసం తక్కువైనందువల్ల అలా జరిగిందని ఏ గురువూ చెప్పలేదు. పైగా వారిని పునీతులన్నారు. జసింతను ఆసుపత్రికి తీసుకువెళ్ళడాన్ని అవిశ్వాసమని కూడా ఎవరూ అనలేదు. మన ఊరి గుడి పేరులోనే ఇంత పాఠం ఉన్నది. విశ్వాసమున్నవారికీ జబ్బు వస్తుంది. జబ్బు వచ్చినంత మాత్రాన విశ్వాసం ఓడిపోయినట్లు కాదు.

జపం చేసేటప్పుడు శరీరంలో ఏం జరుగుతుంది?

దుఃఖం మనసుకు మాత్రమే కలిగేది కాదు. భర్త పోయిన స్త్రీకి, ఉద్యోగం పోయిన పురుషునికి, క్యాన్సరని తెలిసిన రోగికి శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులు పెరుగుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, మధుమేహమున్నవారికి చక్కెర అదుపు తప్పుతుంది. నిద్ర పట్టదు, ఆకలి చచ్చిపోతుంది. ఈ స్థితి వారాలపాటు కొనసాగితే ఉన్న జబ్బులన్నీ ముదురుతాయి.

2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లూసియానో బెర్నార్డి అనే ఇటలీ వైద్యుడు, ఆయన సహచరులు ఒక చిన్న అధ్యయనాన్ని ప్రచురించారు. ఆరోగ్యవంతులైన 23 మందిచేత జపమాలలోని మంగళవార్త జపాన్ని లాటిన్ భాషలో చెప్పించారు. వారిచేతనే ఒక మంత్రాన్ని కూడా జపింపజేశారు. రెండు సందర్భాలలోనూ వారి శ్వాస నిమిషానికి ఆరు సార్లకు దగ్గరగా తగ్గింది. విశ్రాంతిగా ఉన్న పెద్దలు సాధారణంగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. శ్వాస అంత నెమ్మదించినప్పుడు రక్తపోటును, గుండె వేగాన్ని సమన్వయం చేసే నాడీవ్యవస్థ మరింత చురుకుగా పనిచేసినట్లు వారు గుర్తించారు. మన అమ్మమ్మలు సాయంత్రం దీపాల వేళ జపమాల పట్టుకొని యాభై మంగళవార్తలు చెప్పి లేచేసరికి ముఖంలో ప్రశాంతత ఎందుకు కనబడేదో దీనివల్ల కొంత అర్థమవుతుంది. మంత్రానికీ అదే ఫలితం వచ్చింది గనుక ఇది ఒక మతానికి పరిమితమైన గుణం కాదన్న సంగతిని కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి.

అమెరికాలో 74,534 మంది నర్సులను 16 ఏళ్ళపాటు గమనించి, హార్వర్డ్ పరిశోధకులు 2016లో మరొక అధ్యయనాన్ని ప్రచురించారు. వారిలో ఎక్కువమంది క్రైస్తవులే. వారానికి ఒకటికంటే ఎక్కువసార్లు ఆరాధనకు వెళ్ళేవారిలో మరణాలు, అసలు వెళ్ళనివారితో పోలిస్తే 33 శాతం తక్కువగా ఉన్నాయి. అయితే ఇక్కడ జాగ్రత్త పడాలి. ఆరోగ్యంగా ఉన్నవారే గుడికి నడిచి వెళ్ళగలరు గదా! పరిశోధకులు ఆ తేడాను లెక్కలోకి తీసుకున్నారు గానీ, ఇటువంటి గమనింపుల ద్వారా కారణమిదేనని పూర్తిగా తేల్చడం సాధ్యం కాదు. ఒంటరితనం తగ్గడం, పొగ తాగడం వంటి అలవాట్లు తక్కువగా ఉండడం, కుంగుబాటు తక్కువగా ఉండడం ఇందులో కొంత పాత్ర వహించినట్లు వారే చెప్పారు.

ఇక ఇతరులు మనకోసం చేసే ప్రార్థన సంగతి. 2006లో అమెరికాలోని ఆరు ఆసుపత్రులలో గుండెకు బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్న 1,802 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. కొందరికోసం ప్రార్థన చేయించారు, కొందరికోసం చేయించలేదు. తమకోసం ప్రార్థన జరుగుతున్నదో లేదో ఈ రెండు వర్గాలకూ తెలియదు. మూడవ వర్గానికి మాత్రం ముందే చెప్పి ప్రార్థన చేయించారు. మొదటి రెండు వర్గాలలో చిక్కులు 52, 51 శాతం. అంటే తేడా లేదు. మూడవ వర్గంలో 59 శాతం. 'నాకోసం ప్రార్థన చేయవలసినంత ప్రమాదంలో ఉన్నానా' అన్న ఆందోళన కొందరిని బాధించి ఉండవచ్చునని పరిశోధకులు ఊహించారు.

ఈ ఫలితాన్ని చూసి నవ్వేవారూ ఉన్నారు, నొచ్చుకొనేవారూ ఉన్నారు. నాకు రెండూ అనవసరమనిపిస్తాయి. ప్రార్థన పారాసెటమాల్ మాత్ర కాదు, మోతాదు లెక్కగట్టి ఫలితం కొలవడానికి. తల్లి బిడ్డ తల నిమిరితే జ్వరం ఎన్ని డిగ్రీలు తగ్గిందని ఎవరూ కొలవరు. అయినా ఆ చేయి వద్దని ఏ వైద్యుడూ అనడు.

యోబు స్నేహితులు

బైబిలులో యోబు గ్రంథాన్ని నేను వైద్య విద్యార్థులకు పాఠ్యాంశంగా పెట్టవచ్చునంటాను. ఆస్తి పోయి, బిడ్డలు పోయి, ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు దగ్గరకు ముగ్గురు స్నేహితులు వస్తారు. అతణ్ణి చూసి ఏడ్చి, ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితోపాటు నేలమీద కూర్చుంటారు. ఒక్క మాటైనా మాట్లాడరు. అంతవరకు వారు చేసినది గొప్ప వైద్యం. తరువాత నోరు విప్పి, 'నీవు ఏదో పాపం చేసి ఉంటావు, లేకపోతే ఇంత శిక్ష పడదు' అని వాదించడం మొదలుపెడతారు. చివరికి దేవుడు తప్పుపట్టినది యోబును కాదు, ఆ స్నేహితులనే.

ఈ మాట ఎందుకు ముఖ్యమో వైద్యపరంగా కూడా ఆధారమున్నది. కెన్నెత్ పార్గమెంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆసుపత్రిలో చేరిన 55 ఏళ్ళు పైబడిన 596 మంది రోగులను సుమారు రెండేళ్ళు గమనించి 2001లో ఫలితాలు ప్రకటించారు. దేవుడు నన్ను విడిచిపెట్టాడని, దేవునికి నామీద ప్రేమ లేదని, ఈ జబ్బు సాతాను పని అని భావించినవారిలో మరణించే ప్రమాదం ఎక్కువగా కనిపించింది. అదే విశ్వాసం ఒకరికి ఊతకర్ర అయితే, మరొకరికి తలమీద బండ అవుతుంది. తేడా వారి మతంలో లేదు. తమ దేవుణ్ణి వారు ఎలా ఊహించుకున్నారన్నదానిలో ఉన్నది. ఆ ఊహను ఎక్కువగా మలిచేది చుట్టూ ఉన్నవారి మాటలే.

అందువల్ల రోగి మంచం దగ్గర నిలబడి 'నీ విశ్వాసం చాలలేదు', 'ఏదో రహస్య పాపముంది, ఒప్పుకో' అని చెప్పేవారిని నేను క్షమించలేను. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి 'పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా' అని శిష్యులు అడిగితే, ఇద్దరిదీ కాదని యేసు చెప్పినట్లు యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో ఉన్నది. తన శరీరంలోని ముల్లును తీసివేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. పౌలుకే విశ్వాసం చాలలేదని అనగలిగినవారు ఎవరు?

ఏడవడం కూడా అవిశ్వాసమనుకొనేవారున్నారు. లాజరు సమాధి దగ్గర యేసే కన్నీరు పెట్టాడు. కీర్తనల గ్రంథంలో ఎన్నో కీర్తనలు 'ఎందుకు, ఎంతకాలం' అని దేవుణ్ణి నిలదీసే మొరలు. విశ్వాసి దుఃఖపడరాదని చెప్పడం ఆ గ్రంథానికీ, మనిషి శరీర ధర్మానికీ విరుద్ధం. గొంతులో అణచిపెట్టిన దుఃఖం తరువాత తలనొప్పిగా, ఛాతీనొప్పిగా, కడుపుమంటగా నా గదికి వచ్చేది.

మందు పెట్టెతో వచ్చిన విశ్వాసం

మందులు మానివేస్తేనే విశ్వాసమున్నట్లని చెప్పేవారు అన్ని ఊళ్ళలోనూ ఉన్నారు. ఒకసారి ఒక యువకుడు స్పృహ తప్పిన స్థితిలో వచ్చాడు. చిన్నతనం నుంచి ఇన్సులిన్ మీద బతుకుతున్నవాడు. ఒక ప్రార్థనా సభ తరువాత ఇన్సులిన్ మానివేశాడు. ఆ రకం మధుమేహంలో ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజులలోనే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికి వస్తుంది. అతడు బతికాడు. మూర్ఛకు మందులు మానిపించి దయ్యం వదిలించబోయిన ఇంకొక ఇంటిలో, వంటపొయ్యి దగ్గర పడిపోయిన ఆడపిల్ల చేతులు కాలిపోయాయి. క్షయకు మందులు మధ్యలో ఆపినవారిలో క్రిములు మొండికెత్తి, ఆరు నెలల చికిత్సతో పోవలసిన జబ్బు మందులకు లొంగని జబ్బుగా మారుతుంది. అది ఆ మనిషితో ఆగదు, ఇంటిలోని పసిబిడ్డలకూ పాకుతుంది.

ఇటువంటి బోధకు తెలుగునేలమీది క్రైస్తవ చరిత్రలో మూలం లేదు. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని కల్పించారు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు రోజులలో బాప్తిస్మాలు ఇవ్వడం ఆపివేశారు. మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు కరువు రోజులలో జనానికి పని, తిండి దొరికేలా 1914లో మొదలుపెట్టించిన గుడి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకొన్నది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ గారు 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రిని ప్రారంభించారు.

డిచ్‌పల్లిని తలచుకున్నప్పుడల్లా నాకు ఒక ఆలోచన వస్తుంది. ఆ రోజులలో కుష్ఠుకు నమ్మకమైన మందు లేదు. చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. అది బాధాకరమైన చికిత్స, ఫలితం అంతంతమాత్రం. సల్ఫోన్ మందులు 1940లలో గాని రాలేదు. స్వస్థత ఇవ్వలేమని తెలిసిన చోట కూడా వారు చేతనైన వైద్యం చేయడం మానలేదు. ఊరు వెలివేసినవారిని దగ్గరకు తీసి ఆదరించడమూ మానలేదు. ఈ రెండూ ఒకే చేతితో జరిగాయి. నేడు కుష్ఠుకు మందు ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడితే చాలు, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. ఇప్పుడు మందును కాదనడం ఆ సేవ చేసినవారిని అవమానించడమే.

గ్రంథంలోనూ అంతే. సువార్త రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడని పిలిచాడు. కడుపు జబ్బుతో బాధపడే తిమోతికి, ఆనాటి మందుగా, కొద్దిగా ద్రాక్షారసం పుచ్చుకొమ్మని సలహా ఇచ్చాడు. మంచి సమరయుడు దెబ్బలు తిన్న బాటసారి పక్కన మోకరించి ప్రార్థించి వెళ్ళిపోలేదు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి, కట్టుకట్టి, సత్రానికి చేర్చి, ఖర్చులకు డబ్బు ఇచ్చి వెళ్ళాడు.

గుడి తలుపులు మూసిన రోజులు

ఆదరణ విలువ మనకు బాగా తెలిసినది అది దొరకనప్పుడు. 2020 మార్చిలో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. రాత్రింబగళ్ళు మోతతో ఉండే కాజీపేట జంక్షన్ నిశ్శబ్దమైపోయింది. ఏప్రిల్ 10 శుభ శుక్రవారం, 12 ఈస్టరు. గుడి తలుపులు మూసే ఉన్నాయి. మరుసటి ఏడాది రెండవ విజృంభణలో చాలా ఇళ్ళలో చావు జరిగింది గానీ ఆదరణ కూడిక జరగలేదు. ముఖం చూడలేదు, చేయి పట్టుకోలేదు, మట్టి వేయలేదు.

తరువాతి రెండు మూడు సంవత్సరాలలో నాకు ఫోను చేసినవారిలో చాలామంది బాధ ఒకటే. 'అప్పుడు ఏడవలేదు డాక్టరు గారూ, ఇప్పుడు ఆగడం లేదు.' వారికి నేను నవంబరు 2ను గుర్తుచేశాను. ఆ రోజు సమాధుల పండుగ. సమాధిని శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, కుటుంబమంతా అక్కడ కాసేపు కూర్చుంటారు. దుఃఖానికి ఒక రోజు, ఒక చోటు, నలుగురు మనుషులు ఉండడం ఎంత అవసరమో దీనిని ఏర్పాటు చేసిన పెద్దలకు తెలుసు. వాయిదాపడిన దుఃఖాన్ని ఇప్పుడైనా తీర్చుకోవచ్చు. ఆలస్యమైనదని సిగ్గుపడవలసిన పని లేదు.

ఆచరణకు కొన్ని మాటలు

మీరు కష్టంలో ఉన్నవారైతే: ప్రార్థించండి, జపమాల చెప్పండి, పాట పాడండి, ఏ మాటా రాకపోతే మౌనంగా కూర్చోండి. నెమ్మదిగా ఊపిరి వదలండి. మాత్రలు వేసుకొనే వేళను ప్రార్థన వేళతో జతచేసుకోండి, మరచిపోకుండా ఉంటారు. వైద్యుడు చెప్పకుండా ఏ మందూ ఆపవద్దు. నిజంగా నయమైనదని మీకు అనిపిస్తే పరీక్ష చేయించుకోండి. నిజమైన స్వస్థత రక్తపరీక్షకు భయపడదు.

ఉపవాసముండేవారికి: మధుమేహానికి మందులు, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వాటిని వేసుకొని తిండి మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. శ్రమల దినాలలో ఉపవాసానికి ముందు వైద్యుణ్ణి అడిగి మోతాదు మార్చుకోండి. కతోలిక నియమం ప్రకారం ఉపవాసం 18 నుంచి 59 ఏళ్ళవారికే విధి, రోగులకు మినహాయింపు ఉన్నది. అన్నం బదులు కోపాన్నో, సెల్‌ఫోనునో మానుకున్నా ఉపవాసమే.

కుటుంబంవారికి: 'అభ్యంగనం' కోసం ఫాదర్ గారిని పిలవడమంటే చావును పిలవడమని భయపడి చివరి క్షణం వరకు ఆగుతారు. దీనిని పూర్వం 'అవస్థ అభ్యంగనం' అనేవారు గనుక ఆ భయం మిగిలింది. రెండవ వాటికన్ మహాసభ దీనిని తీవ్ర వ్యాధిలో ఉన్నవారందరికీ ఉద్దేశించినదిగా స్పష్టం చేసింది. రోగికి స్పృహ ఉన్నప్పుడే పిలవండి. ఆ ఆదరణ అతనికి అర్థమవుతుంది.

పరామర్శకు వెళ్ళేవారికి: మీకు జలుబు, దగ్గు ఉంటే వెళ్ళవద్దు. చేతులు కడుక్కోండి. పదిహేను నిమిషాలు చాలు. 'ప్రార్థన చేయమంటారా?' అని అడిగి చేయండి, నెమ్మది గొంతుతో చేయండి. పక్క మంచంమీద మరొక రోగి, బహుశా మరొక మతంవారు ఉంటారు. ఏం మాట్లాడాలో తెలియకపోతే యోబు స్నేహితుల మొదటి ఏడు రోజులను గుర్తుచేసుకోండి. వెళ్ళేటప్పుడు ఒక అన్నం క్యారియరు తీసుకువెళితే అది అన్నిటికంటే మంచి ప్రసంగం.

పాస్టర్లకు, ఫాదర్లకు: మీ దగ్గరకు వచ్చినవారికి రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రలేమి, ఆకలి లేకపోవడం, బతకడం వృథా అనిపించడం ఉంటే, అది విశ్వాస లోపం కాదు, కుంగుబాటు అనే జబ్బు. దానికి చికిత్స ఉన్నది. వారితో ప్రార్థన చేయండి, తరువాత వైద్యుని దగ్గరకు మీరే తీసుకువెళ్ళండి. 14416 అనే టెలీ మానస్ నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. మీ నోట 'మందు వేసుకో' అన్న ఒక్క మాట నా పది మాటల పెట్టు.

చివరగా ఒక ఒప్పుకోలు

ఇంతవరకు ఇతరులకు చెప్పాను. ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక రైల్వే కార్మికునికి కాలేయ క్యాన్సర్ ముదిరిన దశలో బయటపడింది. అతని భార్యను వరండాలోకి పిలిచి, "ఇక మా చేతుల్లో ఏమీ లేదమ్మా, ప్రార్థన చేసుకోండి" అని చెప్పి తరువాతి రోగి దగ్గరకు వెళ్ళిపోయాను. మర్యాదగానే మాట్లాడాననుకున్నాను. రెండు రోజుల తరువాత ఆమె నన్ను ఆపి, "ప్రార్థన ఎట్లాగూ చేసుకుంటం సారూ. నొప్పికి ఏదన్న ఇయ్యరాదా?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. నేను ప్రార్థన అనే మాటను ఆదరణగా వాడలేదు, తలుపు మూయడానికి వాడాను. ఆమె విశ్వాసం నా నిర్లక్ష్యానికి సాకు కాగూడదని ఆమె నాకు చెప్పింది. ఆ రోజునుంచి 'మా చేతుల్లో ఏమీ లేదు' అన్న మాట నేను ఎవరితోనూ అనలేదు. నొప్పి తగ్గించడం, ఆయాసం తగ్గించడం, పుండు శుభ్రం చేయడం, పక్కన కూర్చోవడం ఎప్పుడూ మన చేతుల్లోనే ఉంటాయి. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ గారు గాఢమైన క్రైస్తవ విశ్వాసి. ముందు నర్సుగా, తరువాత వైద్యురాలిగా పనిచేశారు. చివరి దశలోని రోగి బాధలో శరీరం, మనసు, కుటుంబం, ఆత్మ అన్నీ కలిసి ఉంటాయని ఆమె బోధించారు. మార్ఫిన్ వేళకు ఇవ్వడం కూడా ఆమెకు విశ్వాసంలో భాగమే. ఇప్పుడు మన తెలంగాణలోనూ పలు జిల్లాల ప్రభుత్వాసుపత్రులలో ఇటువంటి ఉపశమన చికిత్స దొరుకుతున్నది. అడిగి తెలుసుకోండి.

ఆ కార్మికుడు బతకలేదు. చివరి వారాలు మాత్రం నొప్పి తగ్గి ఇంటిలోనే గడిపాడు. సాయంత్రం వేళ భార్య జపమాల చెబుతుంటే తానూ పెదవులు కదిపేవాడట. ఆ సంగతి తరువాత ఆమే చెప్పింది. స్వస్థత దొరకలేదు, ఆదరణ దొరికింది. ఆమె ముఖంలో నాకు ఫిర్యాదు కనబడలేదు.

పాఠకులారా, మీ ఇంటిలో ఇప్పుడు ఎవరైనా మంచంపట్టి ఉంటే, మందు చీటీని ఒక చేతిలో పట్టుకోండి, రోగి చేతిని మరొక చేతితో పట్టుకోండి. విశ్వాసమున్నవారు ఆ రెండు చేతులతోనే ప్రార్థించవచ్చు.